మన పోడుకు లెక్కుంది, మరి యుద్ధం పొగకు?



పోయిన నెల మా కాలేజీలో వాతావరణ మార్పుల మీద సెమినార్ పెట్టారు. అడవులు ఎందుకు పోతున్నాయో చెప్తూ ఒక సారు మొట్టమొదట పోడు పేరే తీసిండు. నేను పోడు పంట తిని పెరిగినోణ్ని. లేచి మాట్లాడాలనుకున్న, నోరు పెగల్లేదు. ఆ తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివిన. అప్పుడు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్న.

మా నాయన దున్నే మూడెకరాలకు పట్టా కావాలంటే, 2005 డిసెంబర్ 13 కంటే ముందు నుంచీ ఆ భూమి మా సాగులోనే ఉందని రుజువు చూపాలి. దరఖాస్తు, సర్వే, గ్రామసభ తీర్మానం అన్నీ కావాలి. లెక్క అడగడం తప్పు కాదు. కానీ అందరినీ అడగాలి కదా?

1997లో క్యోటో ఒప్పందం రాసేటప్పుడు అమెరికా పట్టుబట్టి సైన్యాల పొగలో చాలా భాగాన్ని లెక్క నుంచి తప్పించింది. 2015 పారిస్ ఒప్పందం వచ్చాక కూడా సైన్యం పొగ ఎంతో విడిగా చెప్పాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టమే. 2022లో కొందరు పరిశోధకులు ఒక అంచనా వేశారు. ప్రపంచం వదిలే మొత్తం పొగలో సైన్యాల వాటా దాదాపు 5.5 శాతం. సైన్యాలన్నీ కలిపి ఒక దేశం అనుకుంటే అది నాలుగో స్థానంలో ఉంటది. యుద్ధంలో తగలబడే ఊళ్లు, చమురు బావులు ఇందులో లేవు. 1991లో కువైట్‌లో 600కు పైగా చమురు బావులకు నిప్పు పెడితే, అన్నీ ఆర్పేసరికి నవంబర్ అయింది.

ఇదంతా దూరపు ముచ్చట కాదు. వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో దాదాపు 2,900 ఎకరాలు నేవీ కమ్యూనికేషన్ స్టేషన్‌కు ఇచ్చి, 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేశారు. ఎన్ని చెట్లు పోతాయన్న దాని మీద అధికారులకు, ఉద్యమకారులకు లెక్కే కుదరలేదు. 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించి, భద్రతా నిర్మాణాలకు 10 హెక్టార్ల వరకు మినహాయింపుకు దారి తెరిచారు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో పారామిలటరీ క్యాంపులు, రక్షణ ప్రాజెక్టులకైతే 5 హెక్టార్లు. ఆ ప్రాంతాలంటే ఎక్కువగా మన ఊళ్లే. 10 హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. మా నాయన మూడెకరాలకు ఎన్ని కాగితాలో పైన చెప్పిన.

నేను సైనికులకు వ్యతిరేకం కాదు. మా అన్న ఆర్మీలో ఉన్నడు. ఆయన పంపే పైసలతోనే మా ఇంట్లో మొదటిసారి ఒకడు డిగ్రీకి వచ్చిండు. దేశానికి కాపలా కావాలి. కానీ అన్న సరిహద్దులో నిలబడ్డది ఏ ఊరి కోసమో, ఆ ఊళ్లో వానలు తప్పి వాగు ఎండిపోతే ఆ కాపలాకు అర్థమేముంది? దేశ భద్రతలో అడవి, నీళ్లు కూడా ఉండాలని అడగడం దేశద్రోహం కాదు.

నేను అడిగేవి రెండే. పోడును లెక్కపెట్టినట్టే సైన్యాల పొగను కూడా లెక్కపెట్టి బయట పెట్టాలి. రక్షణ పేరుతో అడవి తీసుకునే ముందు, 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభను అడగాలి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ గ్రామసభ రిజిస్టర్ ఒకసారి తెరిచి చూడండి. మన పేరుతో ఏ తీర్మానం రాసి ఉందో ముందు మనకు తెలియాలి. ఈసారి సెమినార్ పెడితే నేనైతే లేచి మాట్లాడుత.