నూతన బృందమున అజ్ఞాతవాసము

కార్యాలయమున నూతనముగా చేరువానికి లోకము నేడు ఒక్కటే ఉపదేశము చేయుచున్నది: తొలి దినములలోనే తన ప్రతిభను అందరి కంటను పడునట్లు చాటుకొనవలెను. అది నమ్మినవాడు మొదటి సమావేశమునందే "మా పాత కంపెనీలో ఇట్లు చేసెడివారము" అని ఆరంభించును. వినువారు మర్యాదకు తల యూపుదురు. మనస్సు తలుపులు మాత్రము మూసికొందురు. అతని ప్రతిభ నిజమైనదే కావచ్చును. కాని అడుగు పెట్టిన చోటి ధర్మమును ఎరుగకమునుపే అతడు నోరు విప్పెను.

ఈ విషయమున సాధకుడు ఆశ్రయింపదగినది మహాభారతమందలి విరాటపర్వము. తిక్కన సోమయాజి తన ఆంధ్రీకరణమును ఈ పర్వముతోనే ఆరంభించెను. మనుమసిద్ధి మహారాజు కడ మంత్రిగా నున్న ఆ మహాకవికి కొలువు మర్మములు స్వానుభవములే.

పండ్రెండేండ్ల అరణ్యవాసము ముగిసినది. పదుమూడవ యేడు ఎవరికిని తెలియక గడపవలెను; గుర్తింపబడినచో మరల పండ్రెండేండ్లు అడవియే గతి. రాజసూయము చేసిన ధర్మరాజు, ఆతని నలుగురు తమ్ములు, ద్రౌపదీదేవి మత్స్యరాజు కొలువున సేవకులుగా చేరవలసి వచ్చెను. కొలువు తీర్చుట ఎరిగినవారికి కొలువు చేయుట క్రొత్త. అందుచేత పురోహితుడగు ధౌమ్యుడు వారికి ముందుగానే సేవాధర్మమును బోధించెను.

అనుమతి లేక లోనికి పోరాదు. ఇతరులు ఆశించు ఆసనమున కూర్చుండరాదు. అడుగక సలహా చెప్పరాదు. శూరుడనని, బుద్ధిమంతుడనని గర్వింపరాదు. ఏకాంతమున విన్నమాటను వెల్లడింపరాదు. లాభమునకు పొంగక, అవమానమునకు క్రుంగక ఉండవలెను. మరియొకనికి పని చెప్పినప్పుడు సైతము "నేనేమి చేయుదును?" అని ముందుకు వచ్చువాడే కొలువున నిలుచును. ఈ ఉపదేశమున నిషేధములే అధికము. నూతనముగా వచ్చినవాడు అసమర్థతవలన కంటె తొందరపాటువలననే ఎక్కువగా చెడునని ఆ మహర్షి ఎరుగును.

అటుపిమ్మట పాండవులు ఒక్కొక్కరు ఒక్కొక్క నిర్దిష్టమైన పనినే కోరిరి. ధర్మరాజు సభయందు జూదమును, భీముడు వంటశాలను, అర్జునుడు ఉత్తరకు నృత్యగీతములు నేర్పుటను, నకులుడు అశ్వములను, సహదేవుడు గోవులను, ద్రౌపది సుధేష్ణాదేవి కేశాలంకరణమును స్వీకరించిరి. భీముని ఆకృతిని గాంచి విరాటుడు ఈ పని నీకు తగదనెను. అయినను భీముడు గరిటెనే కోరెను. బృందమున విశ్వాసము ఇట్లే పుట్టును. ఎవరును ముట్టని పాత లోపమును సరిదిద్దుట, సమావేశ నిర్ణయములను వ్రాసి అందరికి పంపుట, అలసిన సహోద్యోగి భారమును అడిగి పంచుకొనుట చిన్న పనులే. వానిని సంపూర్ణముగా చేసినవానిని బృందము తనవానిగా చేసికొనును.

నూతన బృందమున తొలి మాసములు ఎవరికైనను అజ్ఞాతవాసమే. వెనుకటి బిరుదులు ఇచ్చట ఎవరికిని కనబడవు. కర్మ, శీలము మాత్రమే కనబడును. పాండవుల వేషములు ప్రతిజ్ఞ కొరకు ధరించినవి. నేటి ఉద్యోగి తన గతమును దాచనక్కరలేదు. దానిపై ఆనుకొనకుండిన చాలును.

ఇది దాస్యబుద్ధి యని కొందరు ఆక్షేపింతురు. వారికి సమాధానము ద్రౌపదియే. ఎంగిలి ముట్టననియు, పాదములు కడుగననియు ఆమె చేరిన నాడే సుధేష్ణకు తెలిపెను. కీచకుడు నిండుసభలో తన్నినప్పుడు, రాజు మౌనము వహింపగా, ఆ సభలోనే ధర్మమును నిలదీసెను. వినయమునకు హద్దు ఉన్నది. ఆ హద్దును తొలినాడే శాంతముగా చెప్పుట అహంకారము కాదు. అంతేకాదు, ధర్మము నూతనునకు మాత్రమే విధింపబడినది కాదు. ఆశ్రయించి వచ్చినవారిని కాపాడని విరాటుని మౌనము ఆ కొలువుకే కళంకము. నేటి బృందనాయకులు ఈ ఘట్టమును తమ కొరకే వ్రాసినట్లు చదువుకొనవలెను.

కౌరవులు గోగ్రహణమునకు వచ్చునప్పటికి గడువు తీరినది. అప్పుడు సైతము అర్జునుడు ముందు పగ్గములే పట్టెను. భయపడి పారిపోవు ఉత్తరకుమారుని ఆపి ధైర్యము చెప్పెను. జమ్మిచెట్టుపై దాచిన గాండీవము పిదప చేతికి వచ్చెను. ఒంటరిగా కురుసేనను గెలిచియు, ఆ విజయమును నీదిగానే తండ్రికి చెప్పుమని ఉత్తరునకు బోధించెను.

ఫలమును ఈశ్వరార్పణము చేయుటకు సాధకుడు అరణ్యమునకే పోనక్కరలేదు. క్రొత్త కార్యాలయమున క్రొత్త ఆసనమున కూర్చుండి, తాను చేసిన పనికి మరియొకని పేరు వినవచ్చినప్పుడు మనస్సు ఎట్లున్నదో పరిశీలించుకొనిన చాలును. ఆ పరీక్ష ప్రతిదినమును ఎదురగును.