కొలువు పోయిన ననుభవమును పోవునా?

2020 మార్చిలో కరోనా మహమ్మారి కారణమున బడులు మూతపడగా, తెలంగాణమున ప్రైవేటు బడిపంతుళ్లు వేలకొలది జీతములు కోలుపోయిరి. కొందఱు కూరగాయలమ్మిరి, కొందఱు ఉపాధిహామీ పనులలో పలుగు పట్టిరి. 2021 ఏప్రిలులో ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ప్రకటించెను. ఆ యేడు సెప్టెంబరు 1న బడులు మరల తెఱచిరి.

అప్పుడు వేములపల్లి ప్రాంతమున మేము వినిన ప్రశ్న యొకటి: "ఇన్నాళ్లు మీరేమి చేయుచుంటిరి?" పదేండ్ల బోధన లెక్కకు రాలేదు, క్రొత్తవానికిచ్చు జీతమే వారికిని చూపిరి.

ఇది న్యాయమా? సాగరు ఎడమకాలువకు నీరు రాని యేడు రైతు నాట్లు వేయడు. అంతమాత్రమున వాడు సేద్యము మఱచెనని యెవ్వరైన ననుదురా?

అభ్యాసము లేని విద్య తుప్పుపట్టును గదా యందురు. తుప్పుపట్టిన కొడవలికి సాన పట్టుదురు గాని పాఱవేయుదురా? మొదటి నెల తడబాటుండవచ్చును. కాని పిల్లవాని ముఖము చూచి వాని సందేహమును గ్రహించు నేర్పు ఒక్క యేట వచ్చినది కాదు. ఒక్క యేట పోదు.

అసలు కారణము వేఱు. అక్కఱలో నున్నవాడు తక్కువకొప్పుకొనునని యెఱిగి, వాని యాపదనే వాని యయోగ్యతగా లెక్క వ్రాయుచున్నారు.

ఫీజు కట్టు తలిదండ్రులారా! గురువుల పూర్వసేవను జీతములో లెక్కించితిరా యని బడివారిని అడుగుడు. కూరలమ్మిన చేయి సుద్దముక్కకు తగదనువాడు అవమానించునది ఆ చేతిని గాదు, కష్టమును.