ఆరోగ్యవరం నుంచి ఉత్తరం

పిల్లలూ! వెనుకటి రోజుల్లో ఇంటికి వచ్చిన ఉత్తరాలను చివర వంచిన ఇనుప తీగకు గుచ్చి గోడకు వేలాడదీసేవారు. మీ తాతగారి ఇంట్లో అలాంటి తీగ ఇంకా ఉంటే ఒకసారి జాగ్రత్తగా చూడండి. శుభలేఖలు, శిస్తు రసీదులు, చుట్టాల కార్డులు ఉంటాయి. వాటి నడుమ 'ఆరోగ్యవరం' నుంచి వచ్చిన కార్డు కనిపించిందా? అయితే ఆ ఇంట్లో ఒకప్పుడు పెద్ద దిగులు ఉండేదన్నమాట! ఈ నెల ఆ దిగులు గురించీ, దాన్ని మోసిన ఉత్తరాల గురించీ తెలుసుకుందాం.

ఆరోగ్యవరం మదనపల్లె దగ్గర ఉన్నది. డెన్మార్కు దేశం నుంచి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రీమట్ మోలర్ పూనికతో, కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ క్షయరోగులకు ఆసుపత్రి కట్టించాయి. 1915 నాటికి అది పని చేయసాగింది. అటువంటి ఆసుపత్రిని 'శానిటోరియం' అంటారు.

క్షయ అంటే తరిగిపోవడం. రోగి రోజురోజుకూ చిక్కి శల్యమవుతాడు గనుక ఆ పేరు వచ్చింది. ఇది ఒక సూక్ష్మజీవి వల్ల కలుగుతుందని రాబర్ట్ కాక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు 1882 మార్చి 24న ప్రకటించాడు. శత్రువు ఎవరో తెలిసింది గాని, వాణ్ణి చంపే ఆయుధం మాత్రం మరి అరవై ఏళ్ళ దాకా దొరకలేదు. అప్పటిదాకా డాక్టర్లు ముఖ్యంగా నమ్ముకున్నవి మూడు: మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి. అందుకే శానిటోరియాలను ఊళ్ళకు దూరంగా, గాలి బాగా వీచే మెట్ట ప్రదేశాల్లో కట్టేవారు. రోగులు నెలల తరబడి, ఒక్కొక్కరు ఏళ్ళ తరబడి వరండాల్లో మంచాలపై పడుకుని ఉండేవారు.

ఆ రోజుల్లో కనిగిరిలో ఒక రైతుకు క్షయ వచ్చిందనుకోండి. అప్పుడు కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చింది. ఆ జిల్లాకే తరువాత ప్రకాశం అని పేరు పెట్టారు. కనిగిరి నుంచి మదనపల్లె, కాకి ఎగిరినట్టు సూటిగా పోయినా 140 మైళ్ళు ఉంటుంది. అప్పట్లో కనిగిరికి రైలు లేదు. మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో పని చేసే మనిషే మంచాన పడితే, వెంట ఎవరు పోగలరు? మాటిమాటికీ చూచి రావడానికి డబ్బెక్కడిది? కనుక టపా ఒక్కటే దిక్కు.

"నాయనకు జ్వరం తగ్గిందా? బరువు ఎంత పెరిగింది? ఎప్పుడు ఇంటికి పంపుతారు?" ఏ ఇంటివారైనా అడిగేవి ఇవే. బరువు రెండు పౌన్లు పెరిగిందని తెలిస్తే ఇంట్లో పండుగే. చదువురాని తల్లి ఆ కార్డు పట్టుకుని అక్షరం ముక్క వచ్చిన వారి గడపకు పోవలసిందే. కాని అలా పోతే జబ్బు సంగతి ఊరంతా తెలిసిపోతుందని భయం! క్షయ ఉన్న ఇంటితో సంబంధం కలుపుకోవడానికి జనం జంకేవారు.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. అమెరికాలో డెన్వర్ అనే నగరం ఉన్నది. అది సముద్రమట్టానికి సరిగా ఒక మైలు ఎత్తున ఉన్నది. పొడి గాలి కనుక క్షయరోగులు అక్కడికి వెళ్ళేవారు. రష్యా, తూర్పు ఐరోపాల నుంచి వలస వచ్చిన పేద యూదులు పెద్ద నగరాల్లో ఇరుకు గదుల్లో బట్టలు కుడుతూ బతికేవారు. వారిలో చాలామందికి ఈ జబ్బు అంటుకునేది. వారి కోసం 1904లో అక్కడ ఒక ఉచిత శానిటోరియం వెలిసింది. మొదట ఉన్నది ఏడుగురు రోగులు, కొన్ని డేరాలు మాత్రమే! జబ్బు ముదిరినవారిని కూడా అక్కడ చేర్చుకునేవారు. చార్లెస్ స్పివాక్ అనే డాక్టరు 1927లో చనిపోయేవరకు దాని కార్యదర్శిగా పని చేశాడు. ఆయన కూడా వలస వచ్చినవాడే.

ఆ ఆసుపత్రికి దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు వచ్చేవి. మంచం ఖాళీ ఉందా అని అడిగేవారు కొందరు. మా వాడు ఎలా ఉన్నాడని అడిగేవారు కొందరు. చిన్న చిన్న చందాలు పంపేవారు మరికొందరు. ఒక్కొక్క రోగికీ ఒక దస్త్రం ఉండేది. వేలాది రోగుల దస్త్రాలను డెన్వర్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రపరిచారు. తల్లిదండ్రులు శానిటోరియంలో ఉంటే పిల్లలు ఏమైపోవాలి? ఆ సంగతి కూడా ఆలోచించి, ఫానీ లార్బర్ అనే ఆమె పూనుకుని, 1907లో అదే నగరంలో ఆ పిల్లల కోసం ఒక ఆశ్రమం ఏర్పాటు చేసింది.

మీకొక అనుమానం రావచ్చు. క్షయరోగి వ్రాసిన ఉత్తరం ముట్టుకుంటే జబ్బు అంటదా? అంటదు! క్షయ కాగితం మీద ప్రయాణం చేయదు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు సన్నని తుంపరలు గాలిలో కలుస్తాయి. గాలి ఆడని గదిలో వాటిని చాలాసేపు పీల్చినవారికి అంటుకునే అవకాశం ఉన్నది. ఉత్తరం వల్లగాని, గిన్నెల వల్లగాని, చేయి కలిపినందువల్లగాని అంటుకోదు. ఈ సంగతి తెలియక ఎందరు రోగుల కార్డులను పొయ్యిలో వేశారో!

చివరకు ఆయుధం దొరికింది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టారు. 1952లో ఐసోనియాజిడ్ అనే చవకైన మాత్ర వచ్చింది. ఇప్పుడు కొత్త ప్రశ్న పుట్టింది: మాత్రలు ఉండగా, రోగిని ఇంటికి దూరం చేయడం అవసరమా? దీనికి సమాధానం మన మద్రాసులోనే దొరికింది. 1956లో అక్కడ సుమారు 190 మంది పేద రోగులను చీట్లు వేసినట్టు రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు శానిటోరియంలో, రెండో జట్టుకు ఇంటి వద్దే, ఏడాది పాటు అవే మందులు ఇచ్చారు. ఇంట ఉన్నవారికి తిండీ తక్కువే, విశ్రాంతీ తక్కువే. అయినా రెండు జట్లవారికీ దాదాపు ఒకే విధంగా నయమైంది! ఇంట్లో ఉంచినందువల్ల ఆ ఇంటివారికి జబ్బు ఎక్కువగా అంటలేదు కూడా. 1959లో ఈ ఫలితం ప్రకటించారు. దానితో ప్రపంచమంతటా క్షయ వైద్యం ఇంటి దారి పట్టింది. డెన్వర్ ఆసుపత్రి 1950లలోనే క్యాన్సర్ వైద్యానికి మళ్ళింది. ఆరోగ్యవరం ఇప్పుడు అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి.

అయితే క్షయ పోలేదు. ఇప్పటికీ ప్రపంచంలో అందరికంటె ఎక్కువమంది క్షయరోగులు ఉన్నది మన దేశంలోనే. మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించమని చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షా, మందులూ ఉచితం. సాధారణంగా ఆరు నెలలు మందు వాడితే నయమవుతుంది. ఒంట్లో బాగున్నదని నడుమ మానకూడదు. మానితే ఆ క్రిమి మొండికెత్తి, మందులకు లొంగకుండా పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, జబ్బును దాచిపెట్టకూడదు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

తీగకు గుచ్చిన ఆ పాత కార్డు దొరికితే పారవేయకండి. అది ఎవరు వ్రాశారో, ఎవరు చదివి వినిపించారో మీ పెద్దలను అడిగి తెలుసుకోండి. మీ తరగతిలో ఎవరి ఇంట్లోనైనా ఈ జబ్బు ఉన్నదని తెలిస్తే, ఆ పిల్లవాడి పక్కనుంచి లేచిపోకండి. అంత దూరం నుంచి కార్డు కోసం ఎదురు చూసిన పిల్లల సంగతి మీకిప్పుడు తెలుసు గదా!