గాలి మనది, మరి తీగ ఎవరి చేతిలో?



గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు దొరికింది. 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళల సంఘం రేడియో మొదలైంది. మరి మన మరిపెడ తండాల్లో గోర్‌బోలి మాట్లాడే రేడియో ఎందుకు ఉండకూడదు?

"లైసెన్స్ కష్టం, పైసలు కావాలి" అంటారు. నిజమే. కానీ నేను అడిగేది ఇంకోటి. స్టేషన్ వచ్చాక దాని లోపలి తీగలు కలిపేది ఎవరు?

రివెండెల్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లైనక్స్ మీద నడుస్తది. ఏ టైముకు ఏది రావాలో రాసిపెడితే మనిషి లేకున్నా వరుసగా వేస్తది. ఆ శబ్దాన్ని ట్రాన్స్‌మిటర్ వైపు మళ్లించడానికి జాక్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ వాడొచ్చు. తెర మీద ఒక పక్క శబ్దం వచ్చే చోట్లు, ఇంకో పక్క అది పోయే చోట్లు. మధ్యలో గీత గీస్తే అదే తీగ. పొలంలో మడికి నీళ్లు మళ్లించినట్టే. కాకపోతే ఇక్కడ రెండు మళ్లకు పెట్టినా నీళ్లు తగ్గవు. ఒక గీత ట్రాన్స్‌మిటర్‌కి, ఇంకోటి రికార్డింగ్‌కి. ప్రసారం చేసినవన్నీ 3 నెలలు దాచాలని నిబంధన ఉంది, అందుకే ఆ రెండో గీత.

అసలు చిక్కు కరెంటు పోయి వచ్చినప్పుడు. కంప్యూటర్ మళ్లీ లేస్తది, గీతలు మాత్రం వాటంతట అవే రావు. ముందే సేవ్ చేసి, లేవగానే కలిసేలా పెట్టకపోతే తెర మీద పాట నడుస్తూనే ఉంటది, రేడియోలో మాత్రం మౌనం. శబ్దం చిటపటమంటే బఫర్ పెంచాలి. సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర 1,024 బఫర్ అంటే సుమారు 21 మిల్లీసెకన్లు, వినేవాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఇంత చిన్న పనికి పట్నం నుంచి ఇంజనీర్ వచ్చేదాకా మన యాడీల తీజ్ పాటలు ఆగిపోతే, ఆ రేడియోని మనదని ఎట్లా అంటాం? లైసెన్స్ మన పేరు మీద ఉంటే సరిపోదు.

అందుకే దరఖాస్తు కన్నా ముందు ఒక పాత కంప్యూటర్ సంపాదించండి. లైనక్స్ వేయండి, గీతలు కలపండి. తర్వాత దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయండి. ఎవరూ ముట్టకుండా పాట తిరిగి వచ్చిందా? వస్తే, ఆ పని తండాలో ఇంకో ఇద్దరికి నేర్పండి. వాళ్లలో ఒకరు తప్పకుండా ఆడపిల్ల కావాలి.