మెట్టు అంచున పసుపు

నిరుడు వేసవిలో మా అమ్మగారు మెట్లు దిగుతూ జారిపడ్డారు. దెబ్బ చిన్నదే గాని, లేవదీస్తున్నప్పుడు ఆవిడ అన్న మాట నన్ను చాలాకాలం వెంటాడింది. “మెట్టు ఎక్కడ అయిపోయిందో కనిపించలేదు, నాయనా.” గోడలు తెలుపు, మెట్లు తెలుపు, నేల తెలుపు. హుందాగా ఉంటుందని ఇల్లంతా తెలుపు చేయించినవాణ్ణి నేనే.

మళ్లీ రంగులు వేయించడానికి పూనుకున్నాను. మేస్త్రీ తెచ్చిన షేడ్ కార్డులో వందల రంగులున్నాయి. అనువాదకుడిగా నాకీ చిక్కు కొత్తది కాదు. ఒక ఆంగ్ల పదానికి నిఘంటువు పది పర్యాయపదాలు చూపుతుంది. ఆ మాట వాక్యంలో ఏ పని చేస్తున్నదో గ్రహిస్తే తప్ప ఎంపిక తేలదు. రంగులకూ ఇదే సూత్రం వర్తిస్తుందని నాకు బోధించింది ఒక కుర్చీ.

నెదర్లాండ్స్ వాస్తుశిల్పి గెరిట్ రీట్‌వెల్డ్ 1918 ప్రాంతంలో దానిని రూపొందించాడు. మొదట దానికి రంగు లేదు. చిత్రకారుడు పీట్ మోండ్రియన్ తదితరుల ‘డి స్టైల్’ బృందానికి ప్రీతిపాత్రమైన మూడు మూలవర్ణాలు 1923 ప్రాంతంలో దానికి అమరాయి. వీపు ఆన్చే పలక ఎరుపు, కూర్చునే పలక నీలం, చట్రం నలుపు. చట్రపు కర్రలను కోసిన కొసలకు మాత్రం పసుపు. ఏ కర్ర ఎక్కడ ముగిసిందో కంటికి ఇట్టే తెలుస్తుంది.

అదే వాస్తుశిల్పి 1924లో, యూట్రెక్ట్ నగరంలో, భర్తను కోల్పోయి ముగ్గురు పిల్లలతో ఉన్న ట్రూస్ ష్రోడర్‌కు ఇల్లు కట్టాడు. ఆ రూపకల్పనలో ఆమె ఆలోచనకూ సమాన భాగముంది. మేడమీద గదులను విడదీసేవి జరిపే పలకలు. వాటిని తీస్తే విశాలమైన హాలు, మూస్తే ఎవరి గది వారికి. తెలుపు, బూడిద, నలుపు వర్ణాల నడుమ ఎరుపు, నీలం, పసుపు మితంగా మెరుస్తాయి. 1985లో మరణించేవరకు ఆమె ఆ ఇంటనే నివసించింది. 2000లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. చూపరుల మెప్పుకోసమే వేసిన రంగులైతే, అరవయ్యేళ్లు ఎవరు భరించగలరు?

ఇక దుస్తుల సంగతి. 1965లో పారిస్ దర్జీ ఈవ్ సాఁ లోరాఁ మోండ్రియన్ చిత్రాల స్ఫూర్తితో కొన్ని గౌనులు తయారుచేశాడు. వాటి రంగులు బట్టమీద అద్దినవి కావు. రంగు రంగు ముక్కలను విడివిడిగా కత్తిరించి కలిపి కుట్టారు. ఒంటికి తగినట్లు బట్టను మలచిన కుట్లన్నీ ఆ నల్లని గీతల వెంటనే ఒదిగిపోయాయి. చూసేవారికి గీత అలంకారం. కుట్టేవారికి అది అతుకును దాచే చోటు.

మూడు గాఢమైన రంగులు ఒకేచోట చేరితే సంతలా ఉంటుందని మనకు భయం. మూడూ సమానంగా పరుచుకుని, మూడూ ఒకేసారి మాట్లాడితే అలాగే ఉంటుంది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పని అప్పగించి, తక్కిన చోటంతా తెలుపుకో బూడిదకో వదిలితే ఆ గోల ఉండదు.

చివరకు మేస్త్రీకి చెప్పినది ఇంతే: ప్రతి మెట్టు అంచుకూ రెండంగుళాల పసుపు పట్టీ, చేత్తో పట్టుకునే కమ్మీకి ముదురు నీలం, మెట్లు మలుపు తిరిగేచోట ఎదుటి గోడకు ఎరుపు. తక్కినదంతా పాత తెలుపే.

పని పూర్తయిన రోజు అమ్మగారు కమ్మీ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా కిందికి దిగారు. కుర్చీ కథంతా ఉత్సాహంగా వినిపించాను. ఆవిడ ఓపికగా విని, “మన గడపకు పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టడం రోజూ చూస్తూనే ఉన్నావుగా! మెట్టుకు రాయాలని తెలియడానికి అంత దూరం వెళ్లాలా?” అన్నారు.