మిద్దె మీద ఒక మడి

సొరపువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది. ఊళ్లో అయితే రాత్రి తిరిగే చిమ్మటలే దాని పుప్పొడి మోస్తాయి. హైదరాబాద్‌లో ఐదో అంతస్తు పైకి అవి వస్తాయన్న భరోసా లేదు. అందుకే మిద్దెతోట పెంచేవారు మగపువ్వును తుంచి, రేకులు ఒలిచి, చిట్టి పిందెతో ఉన్న ఆడపువ్వు మధ్యలో సుతారంగా అద్దుతారు. కుదిరితే పిందె ఊరుతుంది, లేదంటే పండుబారి రాలిపోతుంది. ఒక్క కాయ వెనక ఇంత శ్రద్ధ ఉందని పిల్లలకు తెలియడానికైనా ప్రతి మిద్దె మీదా ఒక పాదు ఉండాలి.

ఇంటి మీదికి తీగ పాకించడం మనకు కొత్త కాదు. పాకల మీద సొర, పెంకుటిళ్ల మీద గుమ్మడి కాయించుకున్నవాళ్లమే. శ్లాబు ఇళ్లతో ఆ అలవాటు తప్పిపోయింది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమ్ రెడ్డి వంటివారు దాన్ని మిద్దెతోటగా మళ్లీ తలకెత్తుకున్నారు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ 2002లో, కెనడాలోని టొరంటో 2009లో కొత్త భవనాల కప్పులపై పచ్చదనానికి నిబంధనలే పెట్టాయి.

కాంక్రీటు పగలంతా ఎండను తాగి రాత్రంతా కక్కుతుంది. పై అంతస్తువారికి ఆ ఉక్కపోత చెప్పనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఈ వేడిని తగ్గించడానికే. ఎండను తిప్పికొట్టే తెల్లపూత చవకైన మార్గం. మొక్కలైతే నీడనిస్తాయి, ఆకుల నుంచి తేమ వదిలి గాలిని చల్లబరుస్తాయి, వంటింటి తడిచెత్తను ఎరువుగా మార్చుకుని కూర చేతికిస్తాయి.

ఉత్సాహంతోపాటు జాగ్రత్తా కావాలి. పదడుగుల చదరంలో ఆరంగుళాల మందాన పోసిన మట్టి తడిస్తే రెండు టన్నులు దాటుతుంది. కాబట్టి ముందు ఇంజనీరుకు శ్లాబు చూపించాలి. మట్టిలో కొబ్బరిపొట్టు, ఎరువు కలిపి బరువు తగ్గించాలి. బరువైన తొట్లను దూలాల మీదుగా, కింద నీరు నిలవకుండా స్టాండ్లపై పెట్టాలి. వేసవిలో మొదళ్లకు ఎండుటాకులు కప్పితే, బియ్యం కడిగిన నీళ్లూ వృథా పోనివ్వకపోతే, నీటి ఖర్చు చాలావరకు కలిసివస్తుంది.

సొంత ఇల్లున్నవారికి ఇది సులువు. నగరంలో ఎంతోమంది ఉండేది అపార్ట్‌మెంట్లలో. అక్కడ మిద్దె అందరిదీ, అందుకే ఎవరిదీ కాకుండా నీళ్ల ట్యాంకులకూ విరిగిన కుర్చీలకూ మిగిలిపోతోంది. సంఘాలు తలుపుకు తాళం వేయడం మాని, ఒక మూల మడులకు కేటాయించాలి. నీళ్లు పోసే వంతులు, కోసుకునే వాటాలు ముందే మాట్లాడుకుంటే పేచీ రాదు. పైగా పక్కింటివారి పేరు కూడా తెలియని చోట, గోంగూర కట్ట ఇచ్చిపుచ్చుకునే పరిచయం పుడుతుంది. అది చిన్న లాభం కాదు. ఈ తొలకరికి సంఘం సమావేశంలో లిఫ్టు మరమ్మతుతోపాటు ఈ మాటా చర్చకు పెట్టండి. మొదటి ఏడాదికి తోటకూర, బచ్చలి చాలు.