మూతపడిన మిల్లులు చూడదగినవేనా?

విహారయాత్ర యనగానే కొండలు, జలపాతములు, గుళ్లు, కోటలు మన తలంపునకు వచ్చును. మూతపడిన మిల్లులను చూచుటకు ఎవరైనను సెలవుదినములు వెచ్చింతురా యని విద్యార్థులు మమ్ము అడుగవచ్చును. ఇంగ్లండు దేశమందలి డెర్బీషైరు జిల్లాకు జనులు అందులకే పోవుచున్నారు.

ఆ జిల్లాలో డెర్వెంటు అను నది కలదు. మాట్లాక్ బాత్ మొదలుకొని డెర్బీ నగరము వరకు, సుమారు 24 కిలోమీటర్ల పొడవున, దాని లోయలో పాత మిల్లులును, కార్మికులకై కట్టిన ఇండ్ల వరుసలును నిలిచియున్నవి. 1771లో రిచర్డు ఆర్క్‌రైటు క్రామ్‌ఫర్డు గ్రామమున నీటి బలముచే నూలు వడకు మిల్లును నెలకొల్పెను. పిదప బెల్పరు ఊరిలో స్ట్రట్ కుటుంబమువారు మిల్లులు కట్టిరి. కర్మాగార పద్ధతికి పుట్టినిల్లుగా ఈ లోయను గుర్తించి, యునెస్కో సంస్థ 2001లో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను.

ఒకప్పుడు సరకుల పడవలు నడచిన క్రామ్‌ఫర్డు కాలువ గట్టుమీద నేడు జనులు పిల్లాపాపలతో షికారు చేయుచున్నారు. పట్టాలు తీసివేసిన పాత రైలుదారిమీద సైకిళ్లు పోవుచున్నవి. డెర్బీలోని పాత పట్టుమిల్లు స్థలమున, వస్తువుల తయారీని చూపు ప్రదర్శనశాల 2021లో తెరవబడినది. ఇది యంతయు దానంతట అది జరుగలేదు. క్రామ్‌ఫర్డు మిల్లు నూలు వడకుట మానిన పిదప చాలకాలము రంగుల కర్మాగారమై, విషపదార్థములతో మలినమై యుండెను. 1979లో ఆర్క్‌రైట్ సొసైటీవారు దానిని కొని, ఏండ్ల తరబడి శ్రమించి శుభ్రపరచిరి. పాతదానిని పడగొట్టుట సులభము. నిలుపుకొనుటకు ఓర్పు కావలెను. ఆ ఓర్పును మేము మెచ్చుకొనుచున్నాము.

అయినను గోడలు చూచి, నది గాలి పీల్చి, తిరిగివచ్చినంత మాత్రమున యాత్ర ఫలించినట్లు కాదు. ఆ మిల్లులో యంత్రములు రేయింబవళ్లు నడచినవి. 12 గంటల వంతులుగ పనిచేసినవారిలో ఏడేండ్ల బిడ్డలును ఉండిరి. ఈ పత్రిక చదువుచున్న మన విద్యార్థులకంటె వారు చిన్నవారు. ఆ సంగతి తలంపక మిల్లు సొగసును మాత్రమే కొనియాడువాడు సగమే చూచినవాడు.

ఆ లోయకును మనకును సంబంధము కలదు. ఆంగ్లేయులు మోజుపడిన నూలుబట్టలు మన దేశపువి. మచిలీపట్టణము వంటి రేవులనుండి అద్దకపు బట్టలు ఓడలమీద పోయెడివి. వానిని అరికట్టుటకు వారు 1700లోను, 1721లోను చట్టములు చేసిరి. వారు వడకిన ప్రత్తినూలు పడుగునకు ఆగక, అవిసెనార నూలును పడుగుగా వాడుకొనిరి. ఆర్క్‌రైటు యంత్రము పడుగునకు చాలినంత గట్టి నూలును ఇచ్చెను. కాలక్రమమున మిల్లు నూలు మన దేశమునకే దిగుమతియై, మన రాట్నములు మూలబడినవి.

సోలాపురములోని మన పెద్దలలో అనేకులు మగ్గమును నమ్ముకొని తెలంగాణమునుండి వచ్చినవారే. ఇచ్చటను పెద్ద బట్టల మిల్లులు నడచినవి, మూతపడినవి. వానిని గూర్చి మన పిల్లలకు తెలిసినదెంత? పడుగు, పేక, కండె, నాడె అను మాటలు మన తాతల నోట వినబడును. పిల్లల నోట అరుదు. పనితోపాటు మాటయు పోవుచున్నది.

కావున మా విన్నపము ఇది. తలిదండ్రులారా, ఒక ఆదివారము మీ బిడ్డలను మిల్లుల పేటకు తీసికొనిపోవుడు. విద్యార్థులారా, ఇంటిలోని తాతయ్యను, నాయనమ్మను, అమ్మమ్మను అడుగుడు: ఏ వయస్సున పనిలో చేరితిరి? ఏ వేళకు మేలుకొంటిరి? ఏ పనిముట్టును ఏమని పిలిచితిరి? వారు చెప్పినది చెప్పినట్లు తెలుగున వ్రాసి ఉంచుకొనుడు. శిథిలమైన గోడను సొమ్ము పెట్టి బాగుచేయవచ్చును. వ్రాసికొనని మాటను ఎంత సొమ్మిచ్చినను తిరిగి తెచ్చుకొనలేము.